సీరియల్ గడప దగ్గర కులం పేరు ‘అంతస్తు’

తెలుగు సీరియల్ చూసే ఇళ్లలో అందరికీ కంఠతా వచ్చిన దృశ్యం ఒకటుంది. కొడుకు వెంట వచ్చిన పిల్లను తల్లి గడప దగ్గరే ఆపుతుంది. ‘మా అంతస్తు ఏమిటి, నీ బతుకేమిటి’ అంటుంది. అంతస్తు అంటుంది, పరువు అంటుంది, వంశం అంటుంది. కులం అనే మాట మాత్రం ఆమె నోట రాదు. మన సమాజంలో పెళ్లిచూపులకు ముందే తేలిపోయే ప్రశ్న, వందల ఎపిసోడ్ల పాటు పెళ్లి చుట్టూనే తిరిగే కథల్లో ఒక్క పాత్రకూ తట్టదు.

అలాగని తెరమీద కులం లేదనుకుంటే పొరపాటు. పెద్ద హాలు, పూజగది, తులసికోట, వ్రతాలు, ముహూర్తం పెట్టే పంతులుగారు, ఇంటి ముందు వెలిగే ఇంటిపేరు — ఇవన్నీ ఏ ఇంటి గుర్తులో వేరే చెప్పనక్కరలేదు. ‘మొగలిరేకులు’ కథానాయకుడు ఆర్.కె. నాయుడు. ఆ బిరుదు ఎవరికీ అభ్యంతరం కాలేదు, కారణం అది గౌరవం తెచ్చే బిరుదు. అదే సీరియళ్లలో డ్రైవరుకు, వంటమనిషికి, కాపలావాడికి ఒంటి పేరే ఉంటుంది. రాత్రి పని ముగించుకుని వాళ్లు ఏ వాడకు వెళతారో కెమెరా వెంట వెళ్లదు. పై కులాలు గుర్తులుగా కనిపిస్తాయి, కింది కులాలు పేరు లేకుండా పోతాయి.

ఇందులో వ్యాపారం కూడా ఉంది. మన విజయవంతమైన సీరియళ్లలో చాలావరకు పొరుగు భాషల నుంచి తెచ్చుకున్నవి. ‘కార్తీకదీపం’ మలయాళ ‘కరుత్తముత్తు’కు, ‘బ్రహ్మముడి’ బెంగాలీ ‘గాట్‌ఛొడా’కు తెలుగు రూపాలు. ఒక కథ కొచ్చి నుంచి హైదరాబాద్‌కు, కోల్‌కతా నుంచి విజయవాడకు రావాలంటే స్థానికమైన కులం బరువు దింపుకోవాలి. డబ్బు, రంగు మాత్రం ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతాయి. ‘బ్రహ్మముడి’లో కావ్య మట్టి విగ్రహాలకు రంగులద్దే ఇంటి పిల్ల. మన ఊళ్లలో మట్టి పనికీ కులానికీ ఉన్న ముడి చిన్నపిల్లలకూ తెలుసు. తెరమీద మాత్రం ఆమె కేవలం మధ్యతరగతి పిల్ల. దుగ్గిరాల వారి నగల వ్యాపారానికి ఆమె చేతి డిజైన్లు పనికొస్తాయి, ఆ చేతికి ఆ నేర్పు ఏ తరాల నుంచి వచ్చిందన్న మాట అవసరం పడదు.

‘కార్తీకదీపం’ సంగతి ఇంతకన్నా లోతైనది. 2017లో మొదలైన ఆ కథలో దీప నల్లపిల్ల కావడమే నేరం. ఆ పాత్ర వేసిన ప్రేమీ విశ్వనాథ్‌కు మేకప్‌తో నలుపు పూశారు. అయినా లక్షలాది స్త్రీలు ఆ అవమానాన్ని తమదిగా చూసుకున్నారు, అందులో అబద్ధం లేదు. రంగు పేరుతో మాటలు పడని పిల్ల మన వాడల్లో ఎవరు? మా ఇంట్లోనూ ఆ సమయానికి వంట ఆగిపోయేది. కానీ ‘వంటలక్క’ చేతి వంటను అందరూ లొట్టలేసుకుని తిన్న లోకం అది. బయటి లోకంలో 2021 డిసెంబరులో, ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా ప్రభుత్వ పాఠశాలలో, దళిత మహిళ వండిందని అగ్రకులాల పిల్లలు మధ్యాహ్న భోజనం మానేశారు. వండిన చేతిని చూసి అన్నం వదిలేసే దేశంలో వంటలక్క కథ రంగు దగ్గరే ఆగిపోయింది.

2024లో వచ్చిన రెండో ‘కార్తీకదీపం’ ఇంకో మెట్టు దిగింది. ఆ ఇంట పనిమనిషిలా మాటలు పడే దీపే నిజానికి ఆ ఇంటి వారసురాలు. పుట్టినప్పుడే పారిజాతం బిడ్డలను మార్చింది. వారసురాలిగా పెరిగిన జ్యోత్స్న ఆ దంపతుల బిడ్డ కాదు. ఇప్పుడు గుణగణాలు ఎలా పంచారో చూడండి. పేదరికంలో పెరిగినా దీప ఓర్పు, త్యాగం చెక్కుచెదరలేదు. ఐశ్వర్యంలో పెరిగినా జ్యోత్స్నకు కుట్ర, అసూయే మిగిలాయి. పెంపకం ఏమీ చేయలేదు, చేసిందంతా పుట్టుకే. గుణం జన్మతో వస్తుందన్న వర్ణధర్మ సూత్రాన్ని కులం ఊసెత్తకుండా ఇంతకన్నా బాగా చెప్పడం కష్టం. పైగా పనిమనిషికి గౌరవం ఎందుకివ్వాలన్న ప్రశ్నకూ జవాబు దొరికింది. ఆమె పనిమనిషి కాదు గనుక ఇవ్వాలి! నిజంగా పనిమనిషి బిడ్డే అయివుంటే ఆమె కన్నీళ్లకు ఏ విలువా మిగలదన్నమాట.

కులాంతర వివాహాలే కులానికి అసలు మందు అని అంబేడ్కర్ 1936లోనే, ‘కుల నిర్మూలన’లో వాదించారు. రక్తం కలిస్తేనే మనుషులు ఒకరికొకరు అయినవాళ్లు అవుతారన్నది ఆయన ఆలోచన. సీరియల్ ఆ ఆలోచనను తలకిందులు చేస్తుంది. ఇక్కడ వేరైన రక్తాలు కలవవు, విడిపోయిన ఒకే రక్తం తిరిగి తన ఇంటికి చేరుతుంది.

బయట జరిగేది వేరు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య కళ్లముందే, ఆసుపత్రి వాకిట నరికి చంపారు. ఇద్దరూ చదువుకున్నవారే, అక్కడ అడ్డువచ్చింది పేదరికం కాదు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ కేసు సాగిన ఏడేళ్లూ మన తెరలమీద ‘అంతస్తు’ గొడవలే నడిచాయి.

కులం పేరెత్తితే వివాదాలొస్తాయని, ప్రేక్షకులు దూరమవుతారని చెప్పేవారున్నారు. కేబుల్ టీవీ నియమావళి నిషేధించింది సమూహాలపై దాడిని, వివక్షను చూపడాన్ని కాదు. ఇక ప్రేక్షకుల మాట. 2020లో కన్నడంలో ‘మహానాయక’ వచ్చింది. హిందీలో తీసిన అంబేడ్కర్ జీవిత కథకు డబ్బింగ్ అది. బడిలో నీళ్లకుండ ముట్టనివ్వని దృశ్యాలు, కులం పేరు చెప్పి అవమానించే పాత్రలు అందులో ఉన్నాయి. ఛానల్ బాధ్యుడికి బెదిరింపులు వచ్చిన మాట నిజమే. అదే సమయంలో కర్ణాటక పల్లెల్లో ఆ సీరియల్‌కు దళిత యువకులు ఊరి మొదట్లో ఫ్లెక్సీలు కట్టారు. తెలుగు ఛానళ్ల రేటింగుల లెక్కలో ఆ ఫ్లెక్సీలు కట్టినవాళ్లు ఎక్కడా లేరు.