అసలు ఉంటేనే నకలు

పోర్ట్ బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్ లాంటి బస్తీల్లో పాత క్యాసెట్లకు శత్రువులు రెండు: ఉప్పుగాలి, ఏడాదిలో సగానికి పైగా వదలని వాన. టేపుకు బూజు పట్టిందంటే పాట మూగబోయినట్లే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ ఊళ్లోని తెలుగువారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ వైపువే. ఘంటసాల పాట పోతే మళ్లీ దొరుకుతుంది. పెళ్లిలో అమ్మమ్మ పాడితే టేప్ చేసిన మంగళహారతి దొరకదు. కాబట్టి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఏ ఫార్మాట్ ఎంచుకోవాలన్నది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

సీడీ నాణ్యతతో గంట సంగీతం వేవ్ ఫైల్‌గా దాదాపు 635 ఎంబీ. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3లో 58 ఎంబీ చాలు. మనిషి చెవి పట్టించుకోదనుకున్న ధ్వనులను తీసేయడమే ఎంపీ3 కిటుకు. తీసేసినవి మళ్లీ రావు. 2001లో వచ్చిన ఫ్లాక్ దారి వేరు. పరిమాణం సుమారు సగానికి తగ్గినా, విప్పితే ఒక్క బిట్ కూడా తేడా రాదు. పైగా ఫైల్ చెడిందో లేదో పరీక్షించుకునే ఏర్పాటు అందులోనే ఉంటుంది. దానికి లైసెన్సు రుసుము లేదు. యాపిల్‌కు అలాంటిదే అలాక్ ఉంది.

చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా అండమాన్‌కు ఉపగ్రహ ఇంటర్నెట్టే దిక్కు. ఆ రోజుల్లో చిన్న ఫైలే గొప్ప వరం. ఇప్పుడు ఆ కరువు తీరింది. 1 టీబీ డిస్కులో ఫ్లాక్ రూపంలో 2,500 గంటలకు పైగా సంగీతం పడుతుంది. చోటు కోసం పాటను కోయాల్సిన పని లేదు.

అయితే ఒక పొరపాటు సర్వసాధారణం. పాత ఎంపీ3లను ఫ్లాక్‌లోకి మారిస్తే పెరిగేది సైజే, నాణ్యత కాదు. ఎంపీ3ని మరో ఎంపీ3గా మారిస్తే ఉన్నదీ తరుగుతుంది. ఫ్లాక్‌లో భద్రపరచాల్సింది సీడీ, క్యాసెట్ల నుంచి నేరుగా తీసిన ధ్వనిని. ఫోన్‌కు, కారుకు దాని నుంచే ఎంపీ3 నకళ్లు ఎన్నయినా తీసుకోవచ్చు. ఎంపీ3 పేటెంట్ల లైసెన్సింగ్ 2017లోనే ముగిసింది. అది ఆడని యంత్రం అరుదు.

ఎంత మంచి ఫార్మాట్ అయినా ఒకే డిస్కులో ఉంటే డిస్కుతోపాటే పోతుంది. 2004 డిసెంబర్ 26 సునామీ చూసిన దీవులకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక ప్రతి ఇంట్లో, మరొకటి విశాఖలోని బంధువుల ఇంట్లోనో, క్లౌడ్‌లోనో ఉండాలి. బూజు పట్టిన క్యాసెట్‌ను శుభ్రం చేయకుండా ప్లేయర్‌లో పెట్టకూడదు. ఇక వరుస విషయానికొస్తే, సినిమా పాటలు కొన్నాళ్లు ఆగగలవు. ముందు ఎక్కించాల్సింది మరెక్కడా దొరకని ఆ ఒక్క క్యాసెట్‌నే.