రెండూ కావాలంటే తప్పేంటి?

2010 మే 16. బార్బడోస్‌లో మహిళల ట్వంటీ20 ప్రపంచకప్ ఫైనల్. న్యూజిలాండ్ గెలవాలంటే ఆఖరి బంతికి 5 పరుగులు కావాలి. బౌలింగ్ చేస్తున్నది ఎలిస్ పెర్రీ అనే ఆస్ట్రేలియా పిల్ల, అప్పటికి 19 ఏళ్ళది. ఎదురుగా సోఫీ డివైన్ బంతిని నేరుగా బౌలర్ వైపే బలంగా బాదింది. వంగి చెయ్యి పెట్టే వ్యవధి లేదు. పెర్రీ కాలు అడ్డం పెట్టింది. బంతి బూటుకి తగిలి దారి మళ్ళి, మిడాన్‌లో ఉన్న లిసా స్థలేకర్ దగ్గరికి పోయింది. ఒక్క పరుగే వచ్చింది. ఆస్ట్రేలియా 3 పరుగుల తేడాతో కప్పు గెలుచుకుంది.

క్రికెట్టులో బంతిని కాలితో ఆపడం కొత్తేం కాదు. కానీ ఆ కాలు దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడుతున్న కాలు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ బంతిని బాదిన డివైన్ కూడా న్యూజిలాండుకి హాకీ ఆడిన మనిషే!

పెర్రీ 2007 జులైలో డార్విన్‌లో మొదటిసారి ఆస్ట్రేలియాకి క్రికెట్ ఆడింది. అప్పుడు 16 ఏళ్ళు. ఇంకా స్కూలు పిల్లే. రెండు వారాలు తిరక్కుండానే హాంకాంగ్ మీద ఫుట్‌బాల్ జట్టులోకి వచ్చింది. వచ్చిన రెండో నిమిషంలోనే గోల్ కొట్టింది. 2011లో జర్మనీలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ మీద దూరం నుంచి ఎడంకాలితో కొట్టిన గోల్ చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. ఆ మ్యాచి ఆస్ట్రేలియా 3-1తో ఓడిపోయిందనుకోండి. అయినా రెండు ఆటల ప్రపంచకప్పుల్లోనూ ఆడిన మొదటి ఆస్ట్రేలియన్‌గా ఆమె పేరు నిలిచిపోయింది.

మరి మన పిల్లలకి 16 ఏళ్ళంటే ఏమిటి? ఇంటర్ మొదటి సంవత్సరం. చాలా కాలేజీలకి గ్రౌండే ఉండదు. అపార్టుమెంటు లాంటి భవనం, ఇరుకు మెట్లు, రాత్రి దాకా స్టడీ అవర్లు. రెండు ఆటల సంగతి దేవుడెరుగు, ఒక్క ఆటే గగనం.

పూర్వం మగవాళ్ళూ రెండు ఆటలు ఆడినవాళ్ళే. డెనిస్ కాంప్టన్ ఇంగ్లండుకి క్రికెట్టూ, ఆర్సెనల్ క్లబ్బుకి ఫుట్‌బాలూ ఆడేవాడు. అంత దూరం ఎందుకు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టు బంగారు పతకం గెలిచినప్పుడు కెప్టెన్ చునీ గోస్వామి. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. ఆ గోస్వామే తర్వాత బెంగాల్ క్రికెట్ జట్టుకి కెప్టెనై రంజీ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. ఆటల్లో డబ్బు పెరిగి, సీజన్లు ఏడాది పొడుగునా సాగడం మొదలయ్యాక మగవాళ్ళకి ఆ ముచ్చట పోయింది.

పెర్రీకి అది దక్కిందంటే, ఆ రోజుల్లో ఏ ఆటా ఆడవాళ్ళకి కడుపునిండా జీతం ఇవ్వకపోవడం కూడా ఓ కారణం. పూర్తి జీతం ఇవ్వనివాడు పూర్తి రోజు అడగలేడు కదా! (జీతం ఇవ్వకుండానే రోజంతా అడిగేది ఒక్క ఇల్లే అనిపిస్తుంది నాకు. సరే, ఆ గోల ఇక్కడెందుకు.)

2012 వచ్చేసరికి ఆ వెసులుబాటు తగ్గింది. ఆమె ఆడుతున్న కాన్‌బెర్రా యునైటెడ్ క్లబ్బు, ఫుట్‌బాల్‌కే మొదటి స్థానం ఇవ్వాలంది. ఆ క్లబ్బుని తప్పు పట్టలేం. సగం ప్రాక్టీసులకి రాని మనిషితో జట్టు నడపడం ఏ కోచ్‌కైనా కష్టమే. నన్ను ఆకట్టుకున్నది పెర్రీ చేసిన పని. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. రెండూ ఆడనిచ్చే సిడ్నీ ఎఫ్‌సీకి మారిపోయింది. 2013 తర్వాత దేశానికి ఫుట్‌బాల్ ఆడలేదు. మెల్లగా క్లబ్బు ఆట కూడా తగ్గి, చివరికి క్రికెట్టే మిగిలింది. మిగిలిన ఆ ఒక్కదాంట్లో 2017లో ఇంగ్లండు మీద టెస్టులో 213 నాటౌట్. 2024లో బెంగళూరు జట్టు మహిళల ప్రీమియర్ లీగ్ కప్పు గెలిచినప్పుడు టోర్నీలో అందరికంటే ఎక్కువ పరుగులు, 347, ఆమెవే. మన ఆంధ్రా అమ్మాయి సబ్బినేని మేఘన ఆ జట్టులో ఆమెతో కలిసి ఆడింది.

అంటే చివరికి ఒకటే ఎంచుకుందిగా అంటారేమో. ఎంచుకుంది. కానీ ఎప్పుడు? రెండిటి రుచీ చూశాక, తన ఒళ్ళు, తన టైమూ ఏం చెబుతున్నాయో తనే విన్నాక. 16 ఏళ్ళప్పుడు ఇంకొకరు చెబితే కాదు. మన మిథాలీ రాజ్ కూడా చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకుని, క్రికెట్టు కోసం వదిలేసింది. ఆమె వదిలింది ఇష్టమైన ఇంకోదాని కోసం. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు వదిలేది దేనికోసం? టెన్త్ కోసం సంగీతం, ఎంసెట్ కోసం ఆట, పెళ్ళి కోసం ఉద్యోగం. అడిగితే "తనే మానేసిందండీ" అంటారు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. షటిల్ ఆడుతుంది, వీణ నేర్చుకుంటోంది. రెండూ అంతంతమాత్రమే, నా కూతురు కదా అని గొప్పలు చెప్పను. మొన్న స్కూల్లో పిలిచి, వచ్చేది టెన్త్ కనక ఏదో ఒకటి మానిపించమన్నారు. "ఏది?" అనడిగాను. "మీ ఇష్టం" అన్నారు. దాని ఇష్టం ఎవరూ అడగలేదు.

వదిలినదాని దగ్గరికి మళ్ళీ వెళ్ళడం ఇంకో సమస్య. యాష్ బార్టీ అని ఇంకో ఆస్ట్రేలియా అమ్మాయి ఉంది. 2014లో టెన్నిస్ మానేసింది. 2015-16లో బ్రిస్బేన్ హీట్ జట్టుకి క్రికెట్ ఆడింది. 2016లో మళ్ళీ టెన్నిస్ రాకెట్ పట్టుకుని 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్ గెలిచింది. "మానేసినదానివి మళ్ళీ ఎందుకొచ్చావ్" అని తలుపు వేసేసి ఉంటే?

మా వీధిలో ఒకావిడ డిగ్రీలో యూనివర్సిటీ జట్టుకి కబడ్డీ ఆడారు. పెళ్ళయ్యాక ఆటే లేదు. ఇప్పుడు 46 ఏళ్ళు, పిల్లలు పై చదువులకి వెళ్ళిపోయారు. కబడ్డీకి మోకాళ్ళు ఒప్పుకోవుగానీ షటిల్ ఆడదామని రాకెట్ కొనుక్కున్నారు. మా కాలనీ పార్కులో కోర్టు ఉంది. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా మగవాళ్ళు ఆడతారు. "ఎనిమిది తర్వాత మీరు ఆడుకోండమ్మా" అన్నారట. ఎనిమిదింటికి ఏ ఇంట్లో ఆడవాళ్ళు ఖాళీగా ఉంటారో వాళ్ళే చెప్పాలి. ఆవిడ వాదన పెట్టుకోలేదు. అయిదింటికే వెళ్ళి కోర్టులో లైటు వేస్తున్నారు. తోడుకి ఇంకో ముగ్గురు చేరారు. కరెంటు బిల్లు గురించి కాలనీ మీటింగులో మాట్లాడతారట, ఈ ఆదివారం.