నీళ్ళు వెనక్కి కూడా నడుస్తాయి

పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో మొదటి ప్రశ్న తల్లికే. "ఏం పెట్టావు?" పానీపూరీ తినిపించావా, నిన్నటి కూర పెట్టావా, చేతులు కడిగించావా అని వరసగా విచారణ. ఆ ఇంట్లో నీళ్ళ పైపులు ఎలా వేశారో మాత్రం ఎవరూ అడగరు. నా కోపమంతా దాని మీదే.

నీళ్ళ భయానికి మన ఇళ్ళల్లో ఒకటే మందు, ఫిల్టరు. వేలకు వేలు పోసి కొని వంటింటి గోడకి తగిలించేస్తే ఇక నిశ్చింత. కానీ అది శుభ్రం చేసేది ఒక్క కుళాయి నీళ్ళనే కదా! పుక్కిలించేది, కొత్తిమీర కడిగేది, పాలగిన్నె తొలిచేది, చంటిబిడ్డకి స్నానం చేయించేది ఏ నీళ్ళతో?

పైపులో నీళ్ళు ఎప్పుడూ ముందుకే వస్తాయని మన నమ్మకం. ఒత్తిడి ఉన్నంతసేపే అది నిజం. మన ఊళ్ళల్లో మునిసిపల్ నీళ్ళు రోజుకో గంటో, రోజు విడిచి రోజో వస్తాయి. సరఫరా ఆగాక ఖాళీ అవుతున్న పైపు, కొబ్బరిబోండాంలో వేసిన స్ట్రా లాగా పీల్చడం మొదలుపెడుతుంది. దాని చివర ఏది మునిగి ఉంటే అది లోపలికి పోతుంది.

ఏం మునిగి ఉంటుందంటారా? మన ఇళ్ళల్లోనే చూడండి. సంపులో నీళ్ళు పడే పైపుని చప్పుడు రాకుండా అడుగుదాకా దించేస్తారు. బట్టలు నానబెట్టిన బకెట్‌లో గొట్టం పడేసి వదిలేస్తాం. బాత్‌రూమ్‌లో హెల్త్ ఫాసెట్ జారి మురికి బకెట్‌లో పడి ఉంటుంది. అపార్ట్‌మెంట్లో ట్యాంకు కడగడానికి వాల్వు కట్టేసినప్పుడు కింది ఫ్లాటువాళ్ళు కుళాయి తిప్పితే, పై అంతస్తు బకెట్‌లో మునిగిన గొట్టం ఆ నీళ్ళని కిందికి లాగేయగలదు. ఆ నీళ్ళు ఎవరి వంటింట్లోకి వస్తాయో చెప్పలేం.

వీటన్నిటికంటే ఘోరం, మునిసిపల్ లైనుకి నేరుగా మోటారు బిగించడం. అది తప్పని అందరికీ తెలుసు, అయినా వీధి వీధంతా చేస్తుంది. మోటారు లాగేది మంచినీళ్ళనే కాదు. భూమిలో పైపుకి ఎక్కడ చిల్లి ఉంటే అక్కడ, పక్కనే పారే డ్రైనేజీని కూడా లాగుతుంది. తాగే నీళ్ళల్లో మురుగు కలిస్తే ఏమవుతుందో 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో చూశాం. ప్రాణాలే పోయాయి. మన మోటారు లాగిన మురుగు మన ఇంటితో ఆగదు, వెనకింటి పసిపిల్లల దాకా పోతుంది.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోకండి. 1969లో అమెరికాలోని వూస్టర్ నగరంలో హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో దాదాపు 90 మందికి హెపటైటిస్ సోకింది. మైదానం తడిపే కుళాయిలు నేలలో గుంటల్లో ఉండేవి. దగ్గరలో ఎక్కడో మంటలార్పడానికి నీళ్ళు తోడితే ఒత్తిడి పడిపోయి, రోగక్రిములున్న గుంటనీళ్ళు పైపులోకి వెనక్కి పోయాయి. తర్వాత ఆ నీళ్ళే ఆటగాళ్ళు తాగారు. ఆ ఏడాది మిగతా ఆటలన్నీ రద్దయ్యాయి. అంత డబ్బున్న దేశంలోనూ ఒత్తిడి పడిపోయిన కాసేపు చాలింది.

ఆపడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. మొదటిది, ఖాళీ జాగా. సంపులో గానీ ట్యాంకులో గానీ పైపు మూతికీ నిండు నీటి మట్టానికీ మధ్య, పైపు వ్యాసానికి రెండింతలైనా గాలి ఉండాలి. పైసా ఖర్చు లేదు. రెండోది, ఎన్నార్వీ, అంటే నీళ్ళని ఒకవైపే వెళ్ళనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు. మీటరు తర్వాత ఒకటి బిగిస్తే చాలావరకు రక్షణ. కొన్ని వందల రూపాయల వస్తువు. దాని లోపలి రబ్బరు అరుగుతుంది, ఇసుక ఇరుక్కుంటుంది, కాబట్టి ఏడాదికోసారి విప్పి చూడాలి. మూడోది, బోరు పైపుని మునిసిపల్ పైపుతో కలపకూడదు. మధ్యలో గేట్ వాల్వు ఉందిగా అంటారు. గేట్ వాల్వు లీకైన రోజున బోరు మోటారు ఒత్తిడికి బోరు నీళ్ళు ఊరందరి పైపులోకి పోతాయి.

"ఇదంతా మునిసిపాలిటీ పని కదా" అంటారా? సగం నిజమే. 24 గంటలూ ఒత్తిడితో నీళ్ళిస్తే పైపుల్లోకి మురుగు చొరబడే సందు తగ్గుతుంది. ఒడిశాలోని పూరీ నగరం 2021 నుంచి కుళాయి నీళ్ళని నేరుగా తాగేలా ఇస్తోంది. మన వార్డు మెంబర్ని ఆ లెక్కన నిలదీద్దాం. అయితే మీటరు నుంచి మన ట్యాంకు దాకా ఉన్న పైపు మునిసిపాలిటీది కాదు, మనదే.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇల్లు కడుతున్నప్పుడు వంటింటి టైల్స్ రంగు మనల్ని అడుగుతారు, పైపు ఏ దారిన వెళ్తుందో అడగరు. అది మగవాళ్ళూ మేస్త్రీ ప్లంబరూ తేల్చేస్తారు. ఆ పైపు నీళ్ళతో వండేది మనం, రోగం వస్తే జవాబు చెప్పేదీ మనం. కాబట్టి ఈసారి ప్లంబరు వచ్చినప్పుడు పక్కనే నిలబడండి. సంపు మూత తీయించి పైపు మూతి ఎక్కడుందో చూడండి. ఎన్నార్వీ ఉందా, బోరు లైను ఎక్కడ కలుస్తోంది అని అడగండి. "మీకెందుకమ్మా ఇవన్నీ" అంటే, "తాగేది నా పిల్లలు బాబూ" అని చెప్పండి.