పిళ్ళైచావడిలో పరదేశి ఎవరు?

యానాం కుర్రాడికి పుదుచ్చేరి సొంత రాష్ట్రం, కాకినాడ కుర్రాడికి పరాయి రాష్ట్రం. (కేంద్రపాలిత ప్రాంతం అనాలి నిజానికి, కానీ పిల్లలెవరూ అలా అనరు.) ఈ రెండూళ్ళ మధ్య దూరం 30 కిలోమీటర్లకు అటూఇటూ. యాస ఒకటే, పులస పిచ్చి ఒకటే, మొదటి రోజు చూసే సినిమాలూ అవే. పుదుచ్చేరి దగ్గరి పిళ్ళైచావడిలోని ఇంజనీరింగ్ కాలేజీలో సీటుకు దరఖాస్తు పెట్టేటప్పుడు మాత్రం ఒకడు స్థానికుడవుతాడు, ఇంకొకడు 'అదర్ స్టేట్' అవుతాడు. సీటొచ్చి, పెట్టె దింపుకుని, క్యాంపస్ గేటు దాటి బయటికొచ్చాక ఇద్దరి పరిస్థితీ ఒకటే. చుట్టూ తమిళం. ఇద్దరికీ ముక్క రాదు.

1984లో మొదలై 2020లో పుదుచ్చేరి టెక్నలాజికల్ యూనివర్సిటీగా మారిన ఆ కాలేజీలో ఏటా కొందరు యానాం పిల్లలు చేరుతుంటారు. యానాం పుదుచ్చేరిలో భాగమే అయినా రాజధానికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. శాసనసభలో 30 ఎన్నికల సీట్లుంటే దానిది ఒకటి. అక్కడి బడుల్లో దశాబ్దాల పాటు నడిచింది ఆంధ్రప్రదేశ్ సిలబస్. తమిళం ఊసే లేదు. 1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగుకు చోటిచ్చింది, మంచిదే. ఆ యానాం పిల్లవాడు పద్దెనిమిదేళ్ళ వయసులో తన రాజధానికి చదువుకోవడానికి వస్తే అతనికి భాష ఎవరు నేర్పాలన్నది మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది.

పుదుచ్చేరి బస్టాండు నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఉత్తరంగా బయల్దేరితే కోట్టకుప్పం దగ్గర తమిళనాడు మొదలవుతుంది. బొమ్మయార్‌పాళయం దాటి పిళ్ళైచావడి చేరేసరికి మళ్ళీ పుదుచ్చేరి. మందు షాపుల బోర్డులు లేకపోతే ఎక్కడ ఏ హద్దు దాటామో తెలియదు. ఆరోవిల్‌కు తిరిగే మలుపు కూడా ఈ దారిలోనే వస్తుంది. 1968 ఫిబ్రవరి 28న పుట్టిన ఆ ఊళ్ళో అరవై దాకా దేశాలవాళ్ళు ఉంటారు. కొంచెం ముందుకెళ్తే కాలాపేటలో 1985 నాటి పాండిచ్చేరి విశ్వవిద్యాలయం. అంటే పదిహేను కిలోమీటర్ల లోపు దారిలో నాలుగైదు రకాల 'పరాయి' యువత తారసపడుతుంది.

వీళ్ళలో అసలు విదేశీయుల సంగతి ముందు చూద్దాం. విదేశీ అతిథి దిగితే లాడ్జీవాళ్ళయినా ఇంటి యజమాని అయినా 24 గంటల్లో ఆ వివరాలతో ఫారం నింపి పంపాలి. విద్యార్థి అయితే విద్యాసంస్థ వేరే ఫారం ఇవ్వాలి. వీసా 180 రోజులు మించితే విద్యార్థి 14 రోజుల్లో నమోదు చేయించుకోవాలి. ఇందులో తప్పుపట్టేదేం లేదు, ఏ దేశమైనా చేసే పనే. కానీ గది అద్దెకిచ్చే మామూలు గృహస్థుకి ఇదంతా పోలీసు వ్యవహారంలా కనిపిస్తుంది. 'ఎందుకొచ్చిన గొడవ' అనుకుని వేరేవాళ్ళకిస్తాడు. దాంతో ఆ విదేశీ కుర్రాడో అమ్మాయో హాస్టలుకో, గెస్ట్‌హౌస్‌కో, తనలాంటివాళ్ళు పదిమంది ఉన్న ఇంటికో చేరతారు. ఇరుగూ పొరుగూ ఏర్పడే అవకాశం అక్కడే సగం పోతుంది. 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశం మొత్తం మీద విదేశీ విద్యార్థులు 46,878 మంది. వాళ్ళలో నాలుగో వంతుకు పైగా నేపాల్ వాళ్ళే. ఇంత పెద్ద దేశానికి ఇది ఏ మూలకు?

ఇప్పుడు తిరగేసి చూడండి. 1962 ఆగస్టు 16న పుదుచ్చేరితో సహా ఫ్రెంచి స్థావరాలను భారత్‌కు అప్పగించడం చట్టబద్ధమయ్యాక, అక్కడివాళ్ళకు ఆరు నెలల్లో ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే వీలిచ్చారు. కోరుకున్న కుటుంబాల మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇవాళ పుదుచ్చేరి వీధుల్లో అచ్చ తమిళంలో పోట్లాడుకుంటూ కనిపిస్తారు. జేబులో ఫ్రాన్స్ పాస్‌పోర్టు. ఫ్రాన్స్‌లో ఎన్నికలొస్తే ఇక్కడే ఓటేస్తారు. చేపల మార్కెట్లో వాళ్ళను పరదేశి అనేవాడు ఉండడు. అదే పిల్లలు చదువుకో ఉద్యోగానికో పారిస్ వెళ్తే, చట్టం 'మావాడే' అంటుంది, మెట్రోలో పక్కవాడు అలా అనుకోడు. పిళ్ళైచావడిలో యానాం కుర్రాడికి ఎదురయ్యేదీ ఇదే. కాబట్టి కాగితాన్ని బట్టి పరాయితనం తేల్చలేం. రోజులో ఎన్ని పనులకు స్థానికుడితో నోరు విప్పాల్సి వస్తుందన్నదే తేలుస్తుంది.

ఆ పనులు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. కాలేజీ ముందు టీ కొట్టు దగ్గర పావుగంట నిలబడితే చాలు. కుర్రాడు నాలుగు వేళ్ళు చూపిస్తాడు, నాలుగు టీలొస్తాయి. ఫోను తీసి క్యూఆర్ స్కాన్ చేస్తాడు, డబ్బులొచ్చాయని స్పీకరు డబ్బా అరుస్తుంది. కొట్టాయన తలాడిస్తాడు. అంతే. బేరం లేదు, చిల్లర గొడవ లేదు, 'రేపిస్తాలే అన్నా' లేదు. ఆటోకి యాప్, దారికి మ్యాపు, తిండికి డెలివరీ. పాతికేళ్ళ కిందట ఇక్కడ చదివినవాళ్ళకు కండక్టరుతో చిల్లర కోసం పడిన గొడవలే తమిళ పాఠాలు. ఇప్పటివాళ్ళు నాలుగేళ్ళూ గడిపేసి ఊరి పేరు తప్ప ఊళ్ళో మనిషి పేరు తెలియకుండా డిగ్రీ పుచ్చుకుంటున్నారు. ఉంటే భాష దానంతటదే వస్తుందని పెద్దలనే మాట ఇక చెల్లదు.

దీనివల్ల ఏం నష్టం అంటారా? పిళ్ళైచావడి మత్స్యకారుల ఊరు. 1980ల చివర్లో పుదుచ్చేరి రేవుకు అడ్డుగోడలు కట్టాక, ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక అక్కడే ఆగిపోయింది. ఉత్తరాన ఉన్న ఊళ్ళకు ఇసుక అందక సముద్రం తీరాన్ని కోసేయడం మొదలెట్టింది. పిళ్ళైచావడిలో ఇళ్ళు కడలిపాలయ్యాయి. రాళ్ళు పోయమని జనం రోడ్డెక్కారు. ఒకచోట రాళ్ళు పోస్తే కోత పక్క ఊరికి జరుగుతుంది. కాకినాడ పిల్లవాడికి ఇది కొత్త కథ కాదు, తమ ఊరి దగ్గరి ఉప్పాడ తీరం కోతకు గురవడం చూసే పెరిగాడు. యానాం పిల్లవాడు గోదావరి మొగ మనిషి. ఇద్దరూ సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నారనుకోండి, తీరం కోత గురించి పుస్తకంలో అధ్యాయం చదివి పరీక్ష రాస్తారు. కూతవేటు దూరంలో ఇల్లు పోగొట్టుకున్న మనిషితో రెండు మాటలు మాట్లాడలేరు. ఉప్పాడలో ఏం జరిగిందో ఆయనకు చెప్పలేరు. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇదే.

అమెరికాలోనూ మనవాళ్ళ వరస వేరుగా లేదు. 2023-24లో అక్కడ భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానం. అందులో తెలుగువాళ్ళు ఎంత పెద్ద సంఖ్యలో ఉన్నారో ఏ వీధిలో అడిగినా చెబుతారు. విమానం ఎక్కకముందే వాట్సాప్‌లో రూమ్మేట్లు కుదిరిపోతారు, దిగాక అద్దె ఇల్లు, కిరాణా కొట్టు, పండగ అన్నీ తెలుగే. మొదటి నెలలో ఆ గుంపు ప్రాణం నిలబెడుతుంది, దాన్ని వెక్కిరించేవాళ్ళు ఎప్పుడూ ఒంటరిగా పరదేశంలో జ్వరంతో పడి ఉండరు. మూడో ఏడు కూడా అదే గుంపు అయితేనే చిక్కు.

పుదుచ్చేరిలో దిద్దుబాటు పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. తమిళం రాని ప్రతి విద్యార్థికీ మొదటి సెమిస్టరులో మాట్లాడే తమిళం ఒక క్రెడిట్ కోర్సుగా పెట్టాలి. పరీక్ష క్లాసురూములో వద్దు, పిళ్ళైచావడి మత్స్యకారుల వాడలోనో కాలాపేట చేపల మార్కెట్ దగ్గరో పెట్టాలి. యానాం నుంచి వచ్చేవాళ్ళకు దీన్ని హక్కుగా ఇవ్వాల్సింది పుదుచ్చేరి ప్రభుత్వం. ప్రాంతీయ కోటా ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు.

యానాం, కాకినాడ తల్లిదండ్రులకూ ఒక మాట. హాస్టల్లో తెలుగువాళ్ళు దొరికారా అని ఫోన్లో అడుగుతారు కదా, అడగండి, తప్పు లేదు. ఊళ్ళో తమిళులు ఎవరు పరిచయమయ్యారో, వాళ్ళ పేర్లేమిటో కూడా అడగండి. రెండో ఏడాదికి కూడా ఒక్క పేరూ చెప్పలేకపోతే, మార్కుల సంగతి అడిగినంత గట్టిగా దీన్నీ అడగండి.