నేల తేమను ఎన్నిసార్లు అడగాలి?

కోయంబత్తూరు చుట్టుపక్కల నల్లరేగడిలో తరతరాలుగా సేద్యం చేస్తున్న తెలుగు నాయుళ్లకు బోరు నీటి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పొలాల్లో వైర్‌లెస్ తేమ సెన్సర్లు పాతితే వాటిని గంటగంటకూ అడగాలా, అప్పుడప్పుడూ అడిగి మిగతాది అంచనా కట్టాలా? మదురై వైపు చెరువు కింద వరిమడికైతే ఈ ప్రశ్నే రాదు. నిలిచిన నీరు కంటికే కనిపిస్తుంది.

ఎక్కువసార్లు అడిగితే మార్పు వెంటనే తెలుస్తుంది, నిజమే. అయితే సెన్సర్ బ్యాటరీని ఎక్కువగా తినేది లెక్క కాదు, రేడియో. పైగా సెన్సర్లు ఒకదాని ద్వారా ఒకటి కబురు పంపే చోట, రీడింగులు చేరే బేస్ స్టేషన్‌కు దగ్గరున్నవి దూరపు వాటి కబురునూ మోయాలి గనుక అవే ముందు ఆగిపోతాయి.

అందుకే 2004లో అమోల్ దేశ్‌పాండే, శామ్యూల్ మాడెన్ తదితర పరిశోధకులు మరో దారి చూపారు. పాత కొలతలతో సంభావ్యతా నమూనా కడతారు. కోరినంత కచ్చితత్వం దానితోనే దొరికితే సెన్సర్‌ను కదపరు. దొరక్కపోతే అవసరమైన కొన్నింటినే అడుగుతారు. జవాబు ‘22 శాతం’ అని కాక, ‘95 శాతం నమ్మకంతో 20, 24 మధ్య’ అన్నట్టు వస్తుంది. కొలతే అనిశ్చితమైనప్పుడు ఇది నిజాయితీ గల జవాబు.

కాకపోతే నమూనాకు తెలిసింది నిన్నటి పొలమే. రాత్రి పైపు పగిలితే దానికి తెలియకపోవచ్చు. అలాగని మాటిమాటికీ అడిగినా అన్నీ సరికావు. రేగడి ఎండి నెర్రెలిస్తే సెన్సర్ చుట్టూ గాలి చేరి, ఉన్న తేమకంటే తక్కువ చూపిస్తుంది. ఇది ఒకవైపే లాగే తప్పు. పది రీడింగుల సగటు తీసినా పోదు. తమిళనాడులో సేద్యానికి కరెంటు ఉచితం గనుక, ఆ తప్పును నమ్మి మోటారు వేసినా బిల్లు హెచ్చరించదు. తగ్గేది బోరులో నీరే.

ఎన్నిసార్లు అడగాలన్నది సేద్యాన్ని బట్టి కూడా మారుతుంది. కర్ణాటకలో తెలుగు బాగా వినిపించే పావగడ తాలూకా చెన్నకేశవపురలో బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ విద్యాసంస్థలు కలిసి సెన్సర్లు పెట్టింది మెట్ట రైతుల కోసం. అక్కడ రోజుకొక రీడింగు చాలవచ్చు. బోరు కింది తోటకు చాలకపోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఫామ్‌గ్స్ అనే రైతుల భూగర్భజల నిర్వహణ పథకం కింద రైతులే బోర్ల నీటిమట్టం కొలిచి రాసుకున్నారు. మనిషి కొలతనూ తీసిపారేయలేం.

కాబట్టి మామూలు రోజుల్లో అంచనాను నమ్మవచ్చు. దాని కింది హద్దు తడి పెట్టాల్సిన మట్టానికి చేరితే సెన్సర్లను నిజంగా అడగాలి. నెర్రెలు కనిపిస్తే పారతో తవ్వి చూడాలి. అమ్మేవారు ఫోన్‌లో ఒక్క అంకె కాక రెండు హద్దులూ చూపాలి; కొనే రైతు ముందుగా అడగాల్సిందీ అదే.