పని గంటలకి వెల కడితే?

యాట్ క్లబ్బు అనగానే మనవాళ్ళకి తెల్ల టోపీ, చేతిలో గ్లాసు, వెనకాల కోట్ల ఖరీదు చేసే పడవ గుర్తొస్తాయి. అలాంటివీ ఉన్నాయి, కాదనను. 1844లో మొదలైన న్యూయార్క్ యాట్ క్లబ్బు, 1846 నాటి రాయల్ బాంబే యాట్ క్లబ్బు వగైరా. కానీ అమెరికాలో సముద్రతీరాల్లో, సరస్సుల ఒడ్డున ఉండే చిన్న క్లబ్బుల సంగతి వేరు. నేను సభ్యుడిగా ఉన్నది శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున అలాంటి ఒక క్లబ్బు. ఆస్తులు: ఒక చెక్క జెట్టీ, ఒక షెడ్డు, వయసులో నాకంటే పెద్దవైన పడవలు కొన్ని. జీతగాడు ఒక్కడూ లేడు. కమడోర్, వైస్ కమడోర్, రియర్ కమడోర్ అని నౌకాదళం నుంచి అరువు తెచ్చుకున్న పదవులు మాత్రం ఉన్నాయి. వినడానికి గొప్పగా ఉంటాయి గానీ, మా రియర్ కమడోర్ గారి అసలు పని షెడ్డు కప్పు కారకుండా, జెట్టీ కూలకుండా చూసుకోవడం :)

ప్రతి సభ్యుడూ ఏడాదికి 16 గంటలు క్లబ్బు పని చెయ్యాలని మాకో నియమం. ఇప్పుడు దాన్ని మార్చాలని ప్రతిపాదన వచ్చింది. చెయ్యడం ఇష్టం లేనివాళ్ళు గంటకి ఇంత అని కట్టేస్తే చాలు, ఆ డబ్బుతో కాంట్రాక్టర్ని పెట్టుకుందాం అని. చాలా క్లబ్బుల్లో ఈ పద్ధతి ఇప్పటికే ఉంది. మా దగ్గర దీన్ని గట్టిగా సమర్థిస్తున్నది ఎక్కువగా మా సాఫ్ట్‌వేర్ జనమే. నేను మాత్రం దీనికి వ్యతిరేకం. ఎందుకో చెప్తాను.

ముందు వాళ్ళ వాదన. శనివారం పొద్దున్న నాలుగు గంటలు పడవ అడుగు గీకే బదులు ఆ డబ్బేదో ఇచ్చేస్తే, పని తెలిసినవాడు గంటలో ముగిస్తాడు కదా అంటారు. లెక్క ప్రకారం నిజమే. పైగా చిన్నపిల్లలున్నవాళ్ళకి శనివారాలు దొరకవు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు వంగలేరు. కొట్టిపారేసే వాదన కాదు.

కానీ డబ్బుకి ఒక గుణం ఉంది. గ్నీజీ, రుస్తికీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో, సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టి చూశారు. ఆలస్యాలు తగ్గాయా? అబ్బే, పెరిగాయి! అప్పటిదాకా "పాపం, టీచరు మన కోసం కూర్చుని ఉంటుంది" అన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది కాస్తా సేవకి రుసుము అయిపోయింది. ఇంకా విచిత్రం, జరిమానా ఎత్తేశాక కూడా పరిస్థితి మునుపటిలా అవలేదు. నా భయమూ ఇదే. ఒకసారి గంటకి వెల కట్టాక, వికటించిందని వెనక్కి వెళ్దామంటే దారి ఉండకపోవచ్చు.

ఇలాంటిది మన చెరువుల విషయంలో చూశాం. ఒకప్పుడు ఆయకట్టు రైతులే కట్టకి మట్టి పోసేవాళ్ళు, కాలవలు బాగుచేసుకునేవాళ్ళు. మద్రాసు ప్రాంతంలో దీన్ని కుడిమరామత్తు అనేవాళ్ళు. అందులో కులం, పెత్తనం, బలవంతం ఉన్నాయి, దాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. కానీ అది సర్కారు పని అయ్యాక, తూము చెడితే రైతు సర్కారు కోసం ఎదురుచూడటం మొదలైంది. మళ్ళీ రైతుల్ని కలపడానికి 1997లో నీటి సంఘాల కోసం ఆంధ్రప్రదేశ్ ఏకంగా ఒక చట్టమే చెయ్యాల్సి వచ్చింది.

ఇహ అసలు పని సంగతి. ఉప్పునీటికి సెలవులుండవు. తెరచాప కట్టే అల్యూమినియం స్తంభానికి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ బిగిస్తే, రెండూ కలిసినచోట ఉప్పుతడికి అల్యూమినియం తినేసుకుపోతుంది. పడవ అడుగున గుల్లలు పడతాయి. ఎండకి తెరచాప కుట్లు చివికిపోతాయి. మోటారుని వాడాక మంచినీళ్ళతో కడక్కపోతే లోపల ఉప్పు పేరుకుంటుంది. నీళ్ళలో ఉండే లోహపు భాగాలకి ఒక జింకు ముక్క తగిలిస్తారు, వాటికి బదులు అది అరుగుతుంది. సగం అరిగేసరికి మార్చాలి. విడివిడిగా ఇవేవీ పెద్ద పనులు కావు. కానీ ఎవరో ఒకరు చూస్తుండాలి.

కాంట్రాక్టరు చూపించిన పనే చేస్తాడు. చూపించేదెవరు? జెట్టీ పలకలు తన చేత్తో బిగించినవాడికి, ఏ పలక కదులుతోందో నడుస్తుంటే కాలికే తెలుస్తుంది. చెక్కు రాసినవాడికి అది విరిగినప్పుడే తెలుస్తుంది. ఆ సమయానికి దాని మీద ఉండేది పడవ నేర్చుకోడానికి వచ్చిన పదేళ్ళ పిల్లాడు కావచ్చు.

ఇంకో సంగతి. మా క్లబ్బులో స్కూలు టీచర్లున్నారు, కారు మెకానిక్కులున్నారు, పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ళున్నారు. రుసుము తక్కువ కాబట్టే ఉన్నారు. పని మనమే చేసుకుంటున్నాం కాబట్టే అది తక్కువ. మాలాంటివాళ్ళం గంటలు కొనేసుకుంటే, ఒకే జెట్టీ మీద చేసేవాళ్ళూ చేయించుకునేవాళ్ళూ అని రెండు జాతులు తయారవుతాయి. కాంట్రాక్టరు రేటు పెరిగినప్పుడల్లా రుసుమూ పెరుగుతుంది. కొన్నాళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. చివరికి మిగిలేది ఆ తెల్ల టోపీల క్లబ్బే.

అలాగని తప్పంతా సభ్యులదే అనను. పని రోజు అని పిలుస్తారు, ఇరవై మంది వస్తారు, బ్రష్షులు మూడు ఉంటాయి. మిగతావాళ్ళు గంటసేపు కాఫీ తాగి ఇంటికి పోతారు. మళ్ళీ ఎందుకొస్తారు చెప్పండి? ఏ పంపు ఎప్పుడు మార్చారో, ఏ బోల్టు ఎక్కడ కొన్నారో ఒక్క పెద్దాయనకే తెలుసు, ఆయన ఊళ్ళో లేకపోతే అంతే సంగతులు. ఇది నాయకత్వం లోపం. స్వచ్ఛందంగా చేస్తున్నారు కదా, అడిగితే బాగోదు అని అందరూ ఊరుకుంటారు. జీతం లేకపోయినా పదవి పదవే.

ఊరికే వద్దనడం కాదు, నేను అడుగుతున్నవి ఇవి. చెయ్యాల్సిన పనుల చిట్టా షెడ్డు గోడ మీద ఉండాలి, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో రాసి. ప్రతి పనికీ ఒక పాత మనిషి, ఒక కొత్త మనిషి. చేసిన పని పుస్తకంలో రాశాకే గంటలు లెక్క. ఖాతాలు చూడటం, పిల్లలకి పాఠం చెప్పడం కూడా పనే, వంగలేనివాళ్ళు అవి చేస్తారు. నిజంగా ఏదీ కుదరనివాళ్ళకి మినహాయింపు ఉచితంగానే ఇద్దాం, అమ్మొద్దు. ఇహ చివరిది, ఒక ఏడాది జెట్టీ బాధ్యత చూసినవాళ్ళకే కమడోర్ పదవి. దీనికి మా పెద్దలు ఒప్పుకుంటారని నాకు పెద్ద ఆశేం లేదు :)

వచ్చే నెల ఓటింగు. బహుశా ప్రతిపాదన నెగ్గుతుంది, మావాళ్ళ సంఖ్య ఎక్కువ. నా ఓటు మాత్రం వ్యతిరేకంగానే. నెగ్గినా సరే, నా 16 గంటలూ నేను చేసే తీరతాను.

మీ అపార్ట్‌మెంటు సంఘంలోనో, ఊరి చెరువు దగ్గరో ఇలాంటి పంచాయితీ నడిచే ఉంటుంది. డబ్బులు కట్టేసి ఊరుకున్నచోట ఏం జరిగింది? చెప్పండి, ఓటింగులోపు మావాళ్ళకీ చెప్తాను.