ఎర్ర డబ్బా ఏమడుగుతున్నది?

కంప్యూటర్ మూలకు ఎర్ర డబ్బా ఒకటి లేస్తది. సిస్టం ఫైలు మారిందనో, తీవ్రమైన ముప్పనో ఇంగ్లీషుల నాలుగు ముక్కలుంటయి. మన నెట్ సెంటర్లల్ల, ఫ్లెక్సీ షాపులల్ల, డిగ్రీ పిల్లల లాప్‌టాప్‌లల్ల దానికి దొరికే జవాబు ఒక్కటే, ఇంటూ గుర్తు మీద నొక్కుడు. గిరాకీ నిలబడి ఉంటడు, ఆధార్ ప్రింటు తియ్యాలె, అది చదివే తీరిక ఎవలికున్నది?

ఇగ తీరిక చేసుకోవాల్సిందే. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనేది ఉండాలె, సెకండ్ హ్యాండ్ల కొన్న పాత సిస్టంలల్ల అది ఏడుంటది? పేరు నమోదు చేసుకున్నోళ్లకు 2026 అక్టోబర్ 13 దాక అదనపు అప్‌డేట్లు ఇస్తమన్నరు. అసలు మతలబు ఇంకోటున్నది. డిఫెండర్ అనే కాపలా సాఫ్ట్‌వేర్‌కు మాత్రం దొంగల జాబితా 2028 అక్టోబర్ దాక పంపుతమని కంపెనీయే చెప్పింది. అంటే గంట మోగుతనే ఉంటది, విరిగిన తలుపు బాగుచేసేటోడు మాత్రం రాడు. అసొంటప్పుడు ఆ గంట ఏం చెప్తున్నదో మనకే ఎరుక ఉండాలె.

కాపలా సాఫ్ట్‌వేర్ రెండు తీర్ల చూస్తది. తెలిసిన దొంగల గుర్తులు పట్టుకొని ఫైళ్లతోని పోల్చుడు ఒకటి. ముఖ్యమైన సిస్టం ఫైలుకు వేలిముద్ర అసొంటి అంకె ఒకటి కట్టి దాసిపెట్టుకొనుడు ఇంకోటి. ఫైలుల ఒక్క అక్షరం మారినా ఆ అంకె మొత్తం మారిపోతది. రేపు మళ్ల చూసినప్పుడు కలవకపోతే డబ్బా లేపుతది. దానికి తెలిసింది అంతే. పహాణీల పేరు మారిందని కనబడుతది గని, భూమి అమ్ముకున్నందుకు మారిందా, ఎవడన్న రాత్రికి రాత్రి మార్చిండా అన్నది పహాణీ చెప్పది. ధరణి కాలంల ఆఫీసుల చుట్టు తిరిగినోళ్లకు ఇది ఇప్పి చెప్పే పనిలేదు.

అందుకే డబ్బా వచ్చిన రోజు మనల్ని మనం అడుగాల్సిన మొదటి మాట, నిన్న ఇయ్యాల ఈ సిస్టంల ఏం ఎక్కినయి? మైక్రోసాఫ్ట్ నెలల రెండో మంగళారం అప్‌డేట్లు వదులుతది, మన దగ్గరికి వచ్చేసరికి రాత్రో, బుధారమో అయితది. అప్పుడు సిస్టం ఫైళ్లు మారుడు మామూలే. కొత్త ప్రింటరో, వేలిముద్ర మిషినో పెట్టినా మారుతయి. ఏం ఎక్కియ్యకుండ మారినయంటేనే అనుమానం. విండోస్ సెక్యూరిటీల ప్రొటెక్షన్ హిస్టరీ అని ఉంటది, అండ్ల ఏ ఫైలు, ఏ ఫోల్డరు, ఎన్ని గంటలకు అన్నది రాసి ఉంటది. ఫోల్డరు చూసుడు అన్నిటికన్న ముఖ్యం. ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలు సిస్టం32 ఫోల్డర్ల ఉంటే అది ఇంటి మనిషే. అదే పేరుతోని టెంప్ ఫోల్డర్లనో, డౌన్‌లోడ్స్‌లనో ఉంటే దొంగ పక్కింటోని అంగీ తొడుక్కొని వచ్చిండన్నట్టు.

ఇగ హోస్ట్స్ అనే ఫైలు కథ చెప్పాలె. సిస్టం32 లోపల డ్రైవర్స్, దాని లోపల ఈటీసీ అనే ఫోల్డర్ల ఉంటది ఈ చిన్న ఫైలు, నోట్‌ప్యాడ్‌ల తెరిచి సదువుకోవచ్చు. ఏ వెబ్‌సైటు ఏ అడ్రస్‌ల ఉన్నదో కంప్యూటరు బయట అడిగే ముందే దీంట్ల చూసుకుంటది. దొంగోడు అండ్ల బ్యాంకు పేరు పక్కన తన అడ్రస్ రాస్తే, మనం బ్యాంకు పేరు కొట్టినా వాని కాడికే పోతం. ఫ్లెక్సీ షాపుల ఫోటోషాప్ క్రాక్ వేసేటప్పుడు గూడ ఈ ఫైలుల్నే గీకుతరు, కంపెనీ సర్వర్‌కు ఖబరు పోకుండ. క్రాక్ తోని వచ్చే చీటీల మొదటి లైను ఏముంటది? యాంటీవైరస్ బంద్ పెట్టుమని. కావలి కుక్కను కట్టేసి తలుపు తియ్యుమన్నట్టు. లోపలికి క్రాక్ ఒక్కటే వచ్చిందా, దాని ఎంబడి ఇంకెవడన్న వచ్చిండా అన్నది చూసేటోడే లేడు.

గని కాపలాదారు గూడ ఎవని జీతగాడో మరువొద్దు. 2020 ఎండకాలం దాటినంక, మైక్రోసాఫ్ట్ మన సిస్టంలకెల్లి సమాచారం తెప్పిచ్చుకునే సర్వర్లను హోస్ట్స్ ఫైలుల అడ్డుకున్నోళ్లకు డిఫెండర్ తీవ్ర ముప్పని చూపిచ్చుడు షురూ చేసింది. క్లీన్ అని నొక్కితే ఆ రాతలు పోయి ఫైలు మొదటి లెక్కకు వచ్చేది. దొంగ రాసిన లైనూ, సొంతదారు తన ఇష్టంతోని రాసుకున్న లైనూ రెండూ దానికి ఒక్కటే. కంపెనీ దీన్ని భద్రత అన్నది, నేను పెత్తనం అంట.

కాపలాదారు తప్పు చేసిన రోజులు గూడ ఉన్నయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీల అసలైన ఎస్‌వీసీహోస్ట్‌నే వైరస్ అనుకొని పక్కకు పెట్టింది. కంప్యూటర్లు బంద్ అయ్యి మళ్ల మళ్ల మొదలైనయి, నెట్ పోయింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ పంపిన ఒక్క చెడ్డ ఫైలుకు దాదాపు 85 లక్షల విండోస్ మిషిన్లు నీలిరంగు తెరేసుకున్నయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. శంషాబాద్‌ల విమానం ఎక్కేటోళ్లకు బోర్డింగ్ పాసులు చేతితోని రాసిచ్చిండ్రు.

ఇది చదివి యాంటీవైరస్ దండగ అనుకునేరు. 2017 మే 12న వచ్చిన వానాక్రైకి మందు అదే మార్చి 14న వచ్చి ఉండె. వేసుకోనోళ్లే ఎక్కువ మునిగిండ్రు, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు సుత తగిలింది.

అనుమానం వస్తే చేసే పని పెద్దదేం కాదు. ముందు నెట్ తీసెయ్యాలె. స్టార్ట్‌ల సీఎండీ అని కొట్టి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కాలె. నల్ల డబ్బాల ఎస్ఎఫ్‌సీ అని రాసి, జాగ ఇడిసి, స్లాష్ పెట్టి దానికి ఆనిచ్చి స్కాన్‌నౌ అని కొడితే, విండోస్ తన ఫైళ్లను తన కాడున్న అసలుతోని పోల్చి చెడినయి సరిచేస్తది. వైరస్‌ను అది పట్టది, దానికి ఫుల్ స్కాన్ వేరే పెట్టాలె. ఏ ఫైలో తెలువకుండ అలౌ మాత్రం నొక్కొద్దు, రిమూవ్ గూడ గాబరల నొక్కొద్దు. డబ్బాను ముందు ఫోన్ల ఫోటో తీసుకోండ్రి.

ఊర్ల నెట్ సెంటర్ కంప్యూటర్ల డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడుండ్రి తమ్ముళ్లు, చెల్లెళ్లు. ఊరోళ్ల ఆధార్ కాపీలు, పట్టా పాసుబుక్కులు, బ్యాంకు బుక్కుల మొదటి పేజీలు, పింఛన్ అవ్వల ఫోటోలు, ఏండ్ల సంది పడి ఉంటయి. ఇంటూ గుర్తు నొక్కేటిది ఆ పిలగాడే గని, పోయేటియి వీళ్లయి. సర్కారు పనులన్నీ ఆన్‌లైన్ చేసి, ఆ భారం కమీషన్ మీద బతికే పిలగాని పాత సిస్టం మీద ఏసిండ్రు. సర్వీసు చార్జీ ఎంతో చెప్పే బోర్డు ఉంటది, ఈ కాయిదాలు ఎన్నొద్దులు ఉంచుకుంటరో చెప్పే బోర్డు నాకు ఎక్కడ కనబడలే. గ్రామసభల ఎవలన్న లేచి, మా కాయిదాలున్న కంప్యూటర్‌కు అప్‌డేట్లు వస్తున్నయా, రాకుంటే మార్చే ఖర్చు ఎవలు పెట్టుకుంటరు అని అడుగుండ్రి. అడిగింది రిజిస్టర్ల రాయిపిచ్చుండ్రి.